డెల్టా పాలేరు: చాకిరీ బరువు, చేతిలోని ఆసరా

డెల్టా చరిత్ర రాసినవాళ్ళు ఆనకట్ట గురించి, కాలవల గురించి, పుట్ల లెక్కల గురించి చాలా రాశారు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి ప్రాంతం మాగాణి అయింది. నందివెలుగు లాంటి ఊళ్ళ చుట్టూ వరి పరుచుకుంది. ఆ వరి పండించిన మాల, మాదిగ పాలేర్ల ఒంటికీ మనసుకీ ఏమైందన్నది మాత్రం ఆ రాతల్లో చాలావరకు కనపడదు. మేము అడుగుతున్నది అదే.

పాలేరు అంటే ఏడాది జీతగాడు. దున్నడం, పశువులకి మేత వెయ్యడం, పేడ ఎత్తడం, బండి తోలడం, రాత్రిపూట చేలకి నీరు పెట్టడం. పనికి హద్దు లేదు, గంటలకి లెక్క లేదు. ముందుగా తెచ్చుకున్న గింజలో డబ్బో అప్పుగా నిలిచి, మరుసటేడు కూడా ఆ గడపకే కట్టేసేది. ఆడవాళ్ళు బురదలో నడుం వంచి నాట్లేసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు.

2001లో డెమెరూటి, బాకర్ మొదలైన యూరప్ పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. పని మోపే బరువు మనిషిని అలసటలోకి తోస్తుంది. ఆసరాలు లేకపోతే పని మీద మనసు విరుగుతుంది. సొంత నిర్ణయం, తోటివాళ్ళ తోడు, చేసినదానికి గుర్తింపు ఇవన్నీ ఆసరాలే. పాలేరు విషయంలో ఈ మాట నిజమే గానీ సగం నిజం. ఆఫీసులో ఆసరా లేకపోవడం నిర్వహణ లోపం కావచ్చు. పల్లెలో అది లోపం కాదు, కులం చేసిన ఏర్పాటు. భూమి లేకుండా, కాదనే వీలు లేకుండా ఉంచితేనే చాకిరీ చవగ్గా దొరుకుతుంది.

1948 కనీస వేతనాల చట్టం, 1973 భూసంస్కరణల చట్టం, 1976 వెట్టి రద్దు చట్టం ఆసరాలుగానే వచ్చాయి. వాటికన్నా గట్టిగా నిలబెట్టింది చదువు, ఊరి బయటి ఉద్యోగం. తెనాలికి దగ్గర్లోని చుండూరే సాక్ష్యం. అక్కడి దళితుల్లో చదువుకున్నవాళ్ళు, రైల్వేలో పనిచేసేవాళ్ళు తయారయ్యారు. పొలం పనొక్కటే దిక్కు కానప్పుడు తల వంచక్కర్లేదు. ఆ తల ఎత్తడమే నేరమైంది. 1991 జులైలో సంఘ బహిష్కారం పెట్టి పనులు ఆపేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

అంటే పనివాడికి ఆసరా పెరిగితే బాగుంటాడన్నంతటితో లెక్క తేలదు. ఆ ఆసరా ఎవరి పెత్తనాన్ని తగ్గిస్తుందో, వాళ్ళు ఊరుకోరు. కూలీల క్షేమం గురించి సర్వే చేసే విద్యార్థులు, కార్యకర్తలు ఎన్ని గంటల పని, ఎంత కూలి అని రాసుకుని ఆగిపోకూడదు. ‘రేపు రానని చెప్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? చెప్పినందుకు ఎవరైనా మీదికొస్తారా?’ అని కూడా అడగాలి.