మైలాపూరి సున్నపు గోడలు – రంగుల ఎన్నిక

సంస్కృతమున సున్నమునకు ‘సుధ’ యని పేరు. సున్నము పూసినది గనుక మేడ ‘సౌధ’ మయినది. అనగా మన పూర్వులు మేడకు పేరు పెట్టునపుడు దాని యెత్తును గాని గదుల లెక్కను గాని చూడలేదు. గోడమీది పూతను చూచిరి. మూడు నాలుగు తరములుగా చెన్నపట్టణమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో, మైలాపూరున పాత యిండ్లు నిలుపుకొన్నవారు ఇప్పటికిని కొందఱున్నారు. మేము ఉద్యోగకాలమున కట్టడముల మరమ్మతు బిల్లులు సరిచూచు గుమాస్తా పనిలో నుండుటచే, ఇంటికి రంగు వేయింపదలచినపుడు వారు మమ్ము సలహా అడుగుట కలదు. “ఏ రంగు బాగుండు”నని యడుగుదురు. “మా గోడ దేనితో కట్టినది?” యని యడిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ.

మైలాపూరి పాత గోడలు గానుగ సున్నముతో కట్టినవి. సున్నము, ఇసుక నీటితో కలిపి, ఎద్దు త్రిప్పు గానుగలో మెదిపి, బెల్లపు నీరు, కరక్కాయల కషాయము చేర్చి ఇటుకలు పేర్చిరి. ఇది మన మేస్త్రీల గొప్ప యని మనము చెప్పుకొనుట కాదు. సెయింట్ హెలీనా ద్వీపమునకు గవర్నరుగా నుండిన ఐజాక్ పైక్ అను ఆంగ్లేయుడు చెన్నపట్టణపు సున్నమును కలుపు విధానమును వ్రాసి పంపగా, లండనులోని రాయల్ సొసైటీవారు దానిని 1732 ప్రాంతమున తమ పత్రికలో అచ్చువేసిరి. బెల్లము, కరక్కాయ, ఉలవల వంటి గింజల ఉడుకునీరు, అన్నియు అందున్నవి. మన అమ్మమ్మల వంటింటి జాబితా లండను పండితుల యెదుటికి పోయినదన్నమాట!

గోడ కట్టుట ఒక యెత్తు, దానిమీది గచ్చు వేఱొక యెత్తు. ‘మద్రాసు చునాం’ అని దేశదేశముల పేరొందినది ఈ గచ్చే. అది మూడు పూతలు. మొదటిది ముతక పూత. రెండవది జల్లించిన సున్నముతో, సన్నని ఇసుకతో పూసినది. మూడవ పూతకు మిక్కిలి తెల్లని గుల్ల సున్నమును రాతిపలకమీద వెన్నవలె నూరి, కోడిగ్రుడ్ల తెల్లసొన, నెయ్యి, పుల్లని పెరుగు, బలపపురాతి పొడి కలుపుచుండిరి. అది ఆరకమునుపే నున్నని రాతితో గంటలకొలది రుద్దవలెను. ఆ పిమ్మట కొన్ని దినములవఱకు గోడ చెమర్చుచుండును. ఆ చెమ్మను మెత్తని గుడ్డతో అద్దుచు పోవలెను. అట్లు చేసిన గోడయందు ముఖము కనబడుచుండెను. క్రొత్తగా ఓడ దిగిన తెల్లదొరలు ఈ పట్టణపు స్తంభములను చూచి పాలరాయి యని భ్రమించిరి. మాంసము ముట్టని యిండ్లలో తెల్లసొన మాట యేమి చేసిరని యడుగువారుందురు. మేస్త్రీ వీధిలో కలుపుకొని తెచ్చెడివాడు, ఇంటివారు అడిగెడివారు కారు!

ఇక ఈ గుల్ల యెక్కడిది? ఇందు మన తెలుగువారి కొక సంబంధము గలదు. చెన్నపట్టణమునకు సున్నపు గుల్ల విశేషముగా వచ్చినది ఉత్తరమునున్న పులికాట్ సరస్సునుండి. ఆ సరస్సులో అధికభాగము మన నెల్లూరు సీమది. నేడు తిరుపతి జిల్లాలో చేరినది. 1806లో కాక్రేను దొర ఉత్తరముగా త్రవ్వనారంభించిన కాలువ క్రమముగా పులికాటు దాటి కృష్ణాతీరమువఱకు సాగినది. 1877–78 నాటి ఘోరక్షామమున కూలి కల్పించుటకై కూవము, అడయారుల నడుమ కాలువ త్రవ్వించి, దానికి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. ఆ భాగము మైలాపూరి ప్రక్కగనే పోవుచున్నది. ఉప్పు, వంటచెఱకు, గుల్ల మోసికొని తెలుగు పడవలు ఆ దారిని వచ్చుచుండెను. కావున కపాలీశ్వరుని మాడవీధులకు చేరువనున్న పాత గోడలలో తెలుగు తీరపు గుల్ల కలిసి యుండుట వింత కాదు. 1965, 1966 తుపానుల తరువాత ఆ కాలువ రవాణా క్షీణించినది. 1997లో తిరుమయిలవఱకు వచ్చిన రైలు దానిమీద కట్టిన స్తంభములపైననే నడచుచున్నది.

గచ్చు ధనవంతుల మాట. సామాన్య గృహస్థునికి ఏటేటి వెల్లయే చాలుచుండెను. ధనుర్మాసము వచ్చినంతనే గుల్ల సున్నము తొట్టిలో తడిపి, గుడ్డతో వడియగట్టి, గంజియో బంకయో కలిపి, చిటికెడు నీలిమందు వేసి, నలుగగొట్టిన తాటిమట్ట కుంచెతో వెల్లవేయుచుండిరి. సంక్రాంతికి ముందు వెల్లవేయుట పండుగ శోభకొఱకే యని చాలమంది యనుకొందురు. దానికి వేఱొక కారణము గూడ గలదని మా యభిప్రాయము. ఈ పట్టణమున అక్టోబరు మొదలు డిసెంబరువఱకు వానలు. అవి వెనుకబట్టిన వెంటనే గోడలలో చెమ్మ మిగిలియుండును, ఎండ తీక్ష్ణము కాదు. సున్నమునకు అదియే కావలయును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని సున్నము మరల రాయి యగును. చెమ్మ లేనిచో అది రాయి గాక పొడియై చేతికంటును.

నేటి రంగుల స్వభావము దీనికి నేరుగా వ్యతిరేకము. 1902లో హౌరాలో షాలిమార్ కర్మాగారము వెలసినది. 1942లో బొంబాయిలో నలుగురు మిత్రులు ఏషియన్ పెయింట్సు ఆరంభించిరి. వారి కుంచె పట్టిన తుంటరి పిల్లవాడు గట్టును ఆర్.కె. లక్ష్మణ్‌గారు 1954లో చిత్రించిరి. తరువాత డిస్టెంపరు, సిమెంటు రంగు, ప్లాస్టిక్ ఎమల్షను వచ్చినవి. ఇవి చెడ్డవని మేమనము. సిమెంటు గోడకు అవి తగును. కాని ప్లాస్టిక్ రంగు గోడపై ఒక పొరవలె పఱచుకొనును; ఆరిన గోడయే దానికి కావలయును. పాత సున్నపు గోడ నేలలోని నీటిని పైకి పీల్చి, గాలికి విడిచిపెట్టుచుండును. మైలాపూరు సముద్రమునకు దగ్గఱ గనుక ఆ నీటిలో ఉప్పుండును. పొర అడ్డగించినచో నీరు లోపల నిలుచును, ఉప్పు పొర వెనుక పేరుకొని పొంగును. రంగు బొబ్బలెత్తి గచ్చుతోగూడ రాలును.

మా జ్ఞాతి యొకరి యింట ఇదియే జరిగినది. కుమారులు విదేశమునుండి పైకము పంపి, వెలగల రంగు వేయించుడనిరి. గుత్తకు వచ్చినవాడు వెల్లను గీకకయే పుట్టీ పూసి, సంక్రాంతిలోగా ముగించి సొమ్ము పుచ్చుకొని పోయెను. రెండవ వానకాలమునకు నడవ గోడ మోకాలెత్తువఱకు పొక్కినది. విచారమేమనగా, రంగు చెడినదని ఎవ్వరును అనలేదు. గోడ చెడినదనిరి, ఇల్లు పాతబడినదనిరి, భవన నిర్మాతలతో బేరమునకు దిగిరి. తాతగారు కట్టించిన గోడకు చేటు తెచ్చినది అయిదేండ్ల హామీ గల డబ్బా యని మేము చెప్పినను వినువారు లేకపోయిరి. అట్టి బేరముతో పోవునది ఇటుకలు మాత్రమే కాదు. శ్రాద్ధమునకు, పెండ్లికి తెలుగు బంధువులందఱు చేరుకొను చోటు గూడ పోవును.

కాబట్టి పనివానిని కుదుర్చుకొనువారు కొన్ని సంగతులు గమనింపవలెను. మేస్త్రీ వచ్చినంతనే రంగుల పట్టిక చూపినచో, మఱియొక మేస్త్రీని పిలువుడు. మంచివాడు మొదట అరచేతితో గోడను రుద్ది చూచును, వ్రేలితో తట్టి వినును, క్రింది రెండడుగుల చెమ్మను పరీక్షించును. ఒక మూల చేయెడు మేర పూసి చూపుమనుడు. దినకూలికా, గుత్తకా యన్న ప్రశ్నకు మా సమాధానము: గీకుట, గచ్చు అతుకుట దినకూలికి, పూత మాత్రము గుత్తకు. గీకుట గుత్తకిచ్చినచో అది జరుగదు. “రెండు పూతలు” అని బిల్లులో వ్రాయుట మేము ఉద్యోగమున వందలసార్లు చూచితిమి; రెండవ పూత అధికముగా కాగితముమీదనే పడుచుండెను. కావున మొదటి పూత యారినదాక వేచి, కన్నులార చూచిన పిమ్మటనే రెండవదానికి అనుమతింపవలెను.

తలుపుల విషయము కొంచెము వేఱు. పాత యిండ్ల బర్మా టేకు తలుపులకు ఫ్రెంచి పాలిష్ వేయుచుండిరి. లక్కను స్పిరిటులో కరగించి, దూదిని గుడ్డలో చుట్టి, పలుచని పూతలు పదులకొలది రుద్దుట ఆ పని. లోతలుపులకు నేటికిని దానికి మించినది లేదని మా నమ్మకము. గీత పడినచోట స్పిరిటుతో తడిపి మరల రుద్దిన కలిసిపోవును. క్రొత్త పాలీయురితేను పూత గట్టిదే కాని, ఒకచోట పగిలిన మొత్తము గీకవలసివచ్చును. వీధితలుపునకు మాత్రము లక్క పనికిరాదు, వానకు తెల్లబడును. దానికి అవిసెనూనెయో, మంచి వార్నిషో తగును. నిర్మలమైన టేకుకు స్టెయిను పూసి వర్ణము మార్చుట, పట్టుచీరకు అద్దకము వేయించుట వంటిది. క్రొత్తగా అతికిన చెక్క పాతదానితో కలియుటకు మాత్రము స్టెయిను ఉపయోగించును.

ఇంకొక జాగ్రత్త. పాత తలుపులకు, కిటికీ ఊచలకు వేసిన నూనె రంగులలో సీసము కలిసియుండవచ్చును. మన దేశమున ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో తొంబదికి మించరాదను నిబంధన 2016లో చేసి, 2017 నవంబరు 1 నుండి అమలుపరచిరి. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినచో ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని. సెలవులకు మనుమలు వచ్చియున్నపుడు ఆ పని పెట్టరాదు; గీకునపుడు నీటితో తడిపి గీకింపవలెను, చెత్తను పెరటిలో పోయరాదు.

సున్నపు గోడ గలవారు ఈ యేడు వెల్ల తలపెట్టినచో, సున్నమును కనీసము పదునైదు దినములు ముందుగా నీటిలో నాననిండు. ప్లాస్టిక్ పొర యిదివఱకే యున్నచోట దానిని పూర్తిగా తీసి, ఒక వేసవి గోడను అట్లే వదలుడు. వెల్లవేయు నాటి ఉదయము గోడను నీటితో తడుపుడు, పలుచగా మూడు పూతలు వేయింపుడు, పని జరుగుచున్నంతసేపు కన్నులను కాపాడుకొనుడు. మొదటి దినము గోడ మాసినట్లు కనబడును. తెలుపు తేలుటకు రెండు మూడు దినములు పట్టును.