తప్పు లేని వార్త

ఒక స్టేషను మాస్టరు పొరుగు స్టేషనుకు టెలిఫోనులో హామీ ఇచ్చేటప్పుడు వట్టి మాటతో సరిపెట్టడు. తన వద్దనున్న కాగితంలోని ప్రైవేటు నంబరు కూడా చెబుతాడు. రైల్వే గుమాస్తాలమైన మాకు ఇది తెలిసిన సంగతే. మాటకు గుర్తు తోడుండాలి. ఆ గుర్తును వినేవాడు లక్ష్యపెట్టకపోతే ఏమవుతుందో తెలిపే చరిత్ర నొకదానిని పాఠక సోదరులకు మనవి చేస్తాము.

రెండవ ప్రపంచయుద్ధంలో హాలెండు జర్మనుల వశమై ఉన్నది. లండనులోని ఎస్.ఓ.ఇ. అనే రహస్య సంస్థ తన మనుషులను పారాచూట్లతో అక్కడ దింపేది. వారు రేడియోలో మోర్సు సంకేతాలతో వార్తలు పంపేవారు. శత్రువు పట్టుకొని బలవంతాన వార్తలు పంపిస్తే ఎలా తెలుస్తుంది? అందుకొక ఉపాయం చేశారు. హూబ్ లౌవర్స్ అనే డచ్చి యువకునికి పెట్టిన గుర్తు, ప్రతి 16వ అక్షరాన్ని బుద్ధిపూర్వకంగా తప్పు పంపడం. తప్పు ఉంటే క్షేమం, లేకుంటే ఆపద.

1942 మార్చి 6న హేగ్ నగరంలో లౌవర్స్ పట్టుబడ్డాడు. జర్మనులు గుర్తు చెప్పమంటే అబద్ధపు గుర్తు చెప్పి అసలుది దాచుకున్నాడు. వారి కళ్ళెదుటనే, ఆ తప్పులు లేకుండా వార్తలు పంపాడు. లండను గ్రహిస్తుందని ఆయన ఆశ. కాని వార్తలలో అక్షరాలు చెడిరావడం మామూలే గనుక, అక్కడి అధికారులు గుర్తు లేకపోవడాన్ని లక్ష్యపెట్టలేదు. ఇంకా మనుషులను, ఆయుధాలను పంపుతూనే వచ్చారు. యాభై మందికి పైగా, దిగినవారు దిగినట్లే చెరసాల పాలయ్యారు.

1943 ఆగస్టులో డూర్లైన్, ఉబ్బింక్ అనే ఇద్దరు చెర నుండి తప్పించుకొని, స్విట్జర్లాండు చేరి నిజం చెప్పారు. ఇంగ్లండు చేరాక వారినే అనుమానించి నిర్బంధించారు! చివరకు 1944 ఏప్రిల్ 1న జర్మనులే ఎగతాళి వార్త పంపి ఆ ఆట ముగించారు. పట్టుబడినవారిలో పెక్కుమందిని ఆ సెప్టెంబరులో మౌత్‌హౌజన్ శిబిరంలో చంపివేశారు. లౌవర్స్ బ్రతికి బయటపడ్డాడు.

చెప్పవలసినవాడు చెప్పనే చెప్పాడు. వినవలసినవారే వినలేదు.

సొంత ఊళ్ళు విడిచి దూరాన స్థిరపడిన మన కుటుంబాలకు ఈ కథ పరాయిది కాదు. అత్తవారింట నలుగురి మధ్య నిలబడి ఆడపిల్ల టెలిఫోనులో "అంతా కులాసాయే" అంటుంది. ఎప్పుడూ తప్పక అడిగే తమ్ముడి ఊసు ఆనాడు ఎత్తదు. తల్లిదండ్రులారా, చెప్పిన మాటతో పాటు చెప్పని మాటను కూడా వినండి. ఈ ఉగాదినాడు ప్రతి ఇంటా ఒక గుర్తుమాట ఏర్పరచుకోవాలనీ, అది వినబడనినాడు వెంటనే బయలుదేరాలనీ మా విన్నపం.