బడికి రాకపోయినా హాజరే

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పదిహేడేళ్లు నిండిన హైస్కూలు విద్యార్థి సైన్యంలో చేరే పనిమీద బడి మానితే, ఆ రోజు అతను బడిలో ఉన్నట్టే లెక్క. చదవాలనుకున్న కాలేజీని చూసి రావడానికి బడి అనుమతితో వెళ్లిన విద్యార్థికీ అంతే. వినడానికి చిన్న వెసులుబాటు. కానీ అది రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. హాజరు పట్టీ అంత బిగుసుకుపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి మరి.

పిల్లల్ని బడికి పంపి తీరాలన్న చట్టం అమెరికాలో మొదట చేసిన రాష్ట్రం మసాచుసెట్స్. 1852లో వచ్చిన ఆ చట్టం అడిగింది ఏడాదికి పన్నెండు వారాల చదువే. చిట్టచివరగా 1918లో మిసిసిపీ అదే దారి పట్టింది. టెక్సస్ 1915లో చట్టం చేసింది. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు బడి మాని చేలోకి దిగే రాష్ట్రమది. అందుకే 1916లో అరవై రోజుల హాజరుతో మొదలుపెట్టి, మరుసటి ఏడు ఎనభైకి, ఆపైన నూరుకు పెంచుకుంటూ పోయారు. పిల్లల్ని కూలిపని నుంచి తప్పించి పలక చేతికిచ్చిన చట్టమది.

అసలు ముడి 1949లో పడింది. అప్పటిదాకా ఊళ్లో బడి ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో చూసి రాష్ట్రం డబ్బిచ్చేది. వాళ్లు బడికి వచ్చినా రాకపోయినా ఒకటే. గిల్మర్–ఐకిన్ చట్టాలు ఆ పద్ధతిని మార్చి, రోజువారీ సగటు హాజరును బట్టి నిధులు ఇవ్వడం మొదలుపెట్టాయి. పిల్లల్ని బడికి రప్పించే బాధ్యత బడులమీద పడింది. మంచి మార్పే, కానీ ఖాళీ బల్లకు ఆ రోజు నుంచి ఒక ధర ఏర్పడింది. 2019లో ఒక్కో విద్యార్థికి నిర్ణయించిన మూల మొత్తం 6,160 డాలర్లు. దాన్ని 175 పనిదినాలకు పంచి చూస్తే, ఒక్క గైర్హాజరుకు బడి పోగొట్టుకునేది సుమారు 35 డాలర్లు. విద్యార్థికీ నష్టమే. తరగతి జరిగిన రోజుల్లో 90 శాతం రాకపోతే ఆ పాఠ్యాంశం పూర్తి చేసినట్టు గుర్తింపు దక్కడం కష్టం. కారణం లేకుండా పదేపదే బడి మానడం 2015 దాకా అక్కడ నేరం. పిల్లలు కోర్టు మెట్లెక్కి జరిమానాలు కట్టేవారు.

ఈలోగా బడి బయటి లోకం మారిపోయింది. 1973లో నిర్బంధ సైనిక సేవ ముగిసింది. ఇష్టపడి వచ్చేవారితోనే సైన్యం నడవాలి కనుక రిక్రూటర్ల చూపు హైస్కూళ్ల వైపు మళ్లింది. కాలేజీల ప్రతినిధులకు ఉన్నట్టే సైనిక రిక్రూటర్లకూ బడుల్లో ప్రవేశం ఉండాలని 2002 జనవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన విద్యాచట్టం చెప్పింది. మరోవైపు, 2015 నాటికి మరో ఐదు లక్షల మందిని ఉన్నత విద్యలోకి తేవాలని టెక్సస్ 2000లోనే లక్ష్యం పెట్టుకుంది.

అంటే కాలేజీ బడికి రావచ్చు, సైన్యమూ బడికి రావచ్చు. విద్యార్థి మాత్రం వాటి దగ్గరికి వెళ్తే గైర్హాజరు! కాలేజీ ప్రాంగణం నడుస్తున్న తీరు, తరగతి గది వాతావరణం తెలిసేది పనిదినాల్లోనే. సైన్యంలో చేరేవారికి వైద్య పరీక్షలు, అర్హత పరీక్ష జరిగే కేంద్రాలు పెద్ద నగరాల్లో ఉంటాయి. దూరం ఊళ్లవారికి ఒక రోజు చాలదు.

ఈ చిక్కును టెక్సస్ విడతలవారీగా విప్పింది. ముందు కాలేజీ సందర్శన: పదకొండో తరగతిలో రెండు రోజులు, పన్నెండులో రెండు రోజులు సెలవు ఇవ్వవచ్చని చట్టంలో చేర్చారు. 2017లో సైన్యం వంతు వచ్చింది. పదిహేడేళ్లు నిండినవారికి హైస్కూలు మొత్తంమీద నాలుగు రోజుల దాకా సెలవు ఇచ్చి తీరాలన్నారు. 2023లో మూడో తలుపు తెరుచుకుంది. నచ్చిన వృత్తిలో ఉన్నవారి దగ్గరికి వెళ్లి, వాళ్ల పని కళ్లారా చూసేందుకూ కాలేజీకి ఇచ్చినట్టే రోజులు కేటాయించారు. వెళ్లినట్టు రుజువు చూసుకోవడం బడి బాధ్యత.

ఈ సెలవులకు ప్రాణం పోసింది మరో నిబంధన. ఇలా వెళ్లిన విద్యార్థిని శిక్షించకూడదు. తప్పిపోయిన పాఠం పూర్తి చేసుకునే వ్యవధి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సగటు హాజరు లెక్కలో అతన్ని వచ్చినట్టే చూపాలి. అనుమతి ఇచ్చినందుకు బడి నష్టపోయే పరిస్థితి ఉంటే ఆ అనుమతి కాగితం మీదే మిగిలిపోయేది. డబ్బు దగ్గర పడిన ముడిని డబ్బు దగ్గరే విప్పారు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పనికొచ్చే సంగతి. ఇంటర్‌లో 75 శాతం హాజరు భయంతో చదువుకున్న అమ్మానాన్నలకు, బడి మానిపించి కాలేజీ చూపించడం తప్పుపనిలా తోచవచ్చు. తప్పు కాదు. ముందుగా బడి అనుమతి తీసుకొని, కాలేజీ నుంచి ధ్రువపత్రం తెచ్చిస్తే చాలు.

పదిహేడేళ్ల పిల్లల్ని సైన్యం వైపు నడిపించడమేమిటని కలవరపడేవారున్నారు. ఆ కలవరం న్యాయమైనదే. అందుకే కాలేజీ, సైన్యం, ఉద్యోగం మూడింటికీ రోజులు ఉండటం నాకు నచ్చింది. ఒక్కదాన్నే చూసినవాడు అటే కొట్టుకుపోతాడు. మూడూ చూసినవాడు ఎంచుకుంటాడు. అయితే సైన్యానికి ‘ఇచ్చి తీరాలి’ అన్న చట్టం కాలేజీ దగ్గరికొచ్చేసరికి ‘ఇవ్వవచ్చు’ అని ఆగింది. ఆ తేడా చెరిగిపోవాలి. పైగా సెలవు ఒక్కటే చాలదు. టెక్సస్‌లోనే ఎల్ పాసోలో ఉండే విద్యార్థికి ఆస్టిన్‌లోని కాలేజీ 900 కిలోమీటర్ల పైమాటే. సెలవు దొరికినా దారిఖర్చు లేని బిడ్డ ఆ కాలేజీ ముఖం చూడలేదు. బస్సు ఛార్జీ, ఒక రాత్రి బస కూడా బడి లెక్కలోకి వచ్చినప్పుడే ఈ చట్టం పేదింటి పిల్లలకూ అందుతుంది.