గూడు విప్పితే ఎరువుబండి

పాల్వంచలో నాది టాపులు కుట్టే కొట్టు. మా తాత ఎడ్లబళ్లకు గూళ్లు కట్టాడు. మా నాయన గోనెపట్టాతో మొదలుపెట్టి టార్పాలిన్, ఆ తర్వాత రెక్సిన్ పట్టుకుని జీపుల్లోకి వచ్చాడు. నా దగ్గరికి ఇప్పుడు థార్లు, జిమ్నీలు, పాత బొలేరోలు వస్తున్నాయి. తెచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, వారమంతా ఆఫీసుకూ బడికీ తిరగాలి. సెలవొస్తే పిల్లల్ని తీసుకుని ఏ వాగు పక్కనో రెండు రాత్రులు పడుకోవాలి. ఒకే బండిలో రెండూ కుదరాలంటే ఏం చెయ్యాలి?" ఇది ఇప్పుడు బయటి దేశాల నుంచి వచ్చిన సరదా అని చాలామంది అనుకుంటున్నారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న ఈ అడవి అంచున మాత్రం పనిబండినే యాత్రబండిగా మార్చుకోవడం తాతముత్తాతల నాటి విద్య. ఆ విద్యకు ఒక పద్ధతి ఉంది. అది మరుగున పడకూడదని నా తపన.

మా తాత గూడు కట్టే తీరు మా నాయన చెప్పేవాడు. వెదురును బద్దలుగా చీల్చి, నీళ్లలో నానేసి, సెగ చూపించి వంచాలి. వంచిన బద్దలను బండి రెండు పక్కలా ఉన్న గుంజలకు నారతో బిగించాలి. పైన ఈతచాప, దానిపైన గోనెపట్టా. ఒక్క మేకు కూడా కొట్టేవాడు కాదట. యాత్ర నుంచి రాగానే అదే బండి చేలోకి ఎరువు తోలాలి, కోతలప్పుడు మోపులు మోయాలి, సంతరోజున మిరపకాయల బస్తాలు ఖమ్మం చేర్చాలి. నార ముడి విప్పితే గూడు మొత్తం ఊడి వచ్చి పశువులకొట్టం చూరుకు ఎక్కేది. మళ్లీ శ్రీరామనవమికి దిగేది.

పరుపు సంగతి ఇంకా బాగుంటుంది. బండిలో మోకాలెత్తున జొన్నచొప్ప, వరిగడ్డి పరిచి పైన బొంత వేసేవాళ్లు. ఆ గడ్డే ఎద్దులకు మేత. పోయేటప్పుడు మెత్తగా, ఎత్తుగా ఉన్న పరుపు ఒక్కో మజిలీకి కొంత తరిగి, తిరుగుప్రయాణానికి బండి తేలికయ్యేది. అలసిన ఎద్దులకు బరువు తగ్గడం ఎంత సాయమో బండి తోలినవాళ్లకు తెలుసు. బండి కింద ఒక పక్క కందెన గొట్టం వేలాడేది, ఇంకో పక్క లాంతరు. ఉట్టిలో నీళ్లకుండ. ఉలవల మూట, గడ్డపార, మోకు, గొడ్డలి తోలేవాడి చేతికి అందేచోట ఉండాలి. ముర్రేడు వాగో కిన్నెరసానో రాగానే ఎద్దులను విప్పి, నొగల కింద ఆనుకర్ర పెట్టి, బండి మట్టంగా ఉందో లేదో చూసుకుని అప్పుడు పొయ్యి రాజేసేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు గూట్లో పడుకుంటే మగవాళ్లు బండి కింద. చుట్టూ నెగళ్లు.

ఆ రోజుల్లో గోదావరి దాటితే వేరే ఏలుబడి. ఇవతల నైజాం, అవతల ఇంగ్లీషువాళ్లు. ఇక్కడ హాలీ సిక్కా చెల్లితే అక్కడ కల్దారు రూపాయి. పదిహేడో శతాబ్దంలో అవతలి గట్టున భద్రాచలం రాముడి గుడి కట్టించిన కంచర్ల గోపన్న మా పాల్వంచ పరగణా తహశీల్దారే. అయినా మా వైపు బళ్లు మాత్రం ఏరు దగ్గర ఆగిపోయేవి. బూర్గంపాడు, సారపాక గట్టున విడిది దిగి, మనుషులు పడవెక్కి దర్శనానికి పోయేవాళ్లు. బళ్లనూ ఎద్దులనూ చూసుకోవడానికి ఇంటికొకరు ఇసుకలో మిగిలేవాళ్లు. హైదరాబాదు రాష్ట్రం 1948లో ఇండియాలో కలిశాక కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. ఏటి మీద వంతెన 1965లో తయారైంది. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ప్రారంభించారు. గూడుబండి కాలం అక్కడి నుంచే కరగడం మొదలైందని మా నాయన లెక్క. బస్సు ఎక్కితే పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. మజిలీతో పని తీరిపోయింది.

జీపు ఈ దారిలోకి వేరే పని మీద వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో అమెరికాలో విల్లీస్ వాళ్లు చేసిన ఆ చిన్న బండికి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ కూడా ఇంజను బలం అందుతుంది. పక్కనున్న చిన్న లివరు లాగితే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, మొండిగా తిరుగుతాయి. బురదలో బండి బయటపడేది దానివల్లే. 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ వాటి విడిభాగాలు తెప్పించి బొంబాయి మజగావ్‌లో కూర్చడం మొదలుపెట్టింది. మా దిక్కున వాటిని ఎక్కువగా వాడింది సర్కారు కొలువుల వాళ్లే: అటవీశాఖ, పోలీసులు, సింగరేణి, 1966లో తొలి యూనిట్ మొదలైన పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ. పాతబడిన జీపులు వేలంపాటకు వచ్చినప్పుడు వాటిని కొని, పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించే మెకానిక్కులు కొత్తగూడెంలో, ఖమ్మంలో తయారయ్యారు. టాపు కోసం మాత్రం మా నాయన దగ్గరికి రావలసిందే.

అడవిలో జీపును ఇల్లుగా చేసుకున్నవాళ్లు తునికాకు మనుషులు. ఏప్రిల్, మే నెలల్లో గూడేల పక్కన కళ్లాలు వెలుస్తాయి. కోయలు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కళ్లానికి తెస్తారు. కట్టలు ఎండాక బస్తాలకు ఎత్తుతారు. ఆకు వ్యాపారం 1971 చట్టంతో సర్కారు చేతుల్లోకి పోయినా, కళ్లం దగ్గర లెక్క చూసే గుమస్తాలు, కొనే వ్యాపారుల మనుషులు నెల పైగా అక్కడే ఉండాలి. వాళ్ల జీపులు మా నాయనే సిద్ధం చేసేవాడు. వెనక రెండు పక్కలా ఎదురెదురు బల్లసీట్లు ఉంటాయి కదా, ఆ మధ్య ఖాళీలో సరిపోయేలా ఒక చెక్క కోయించి, దానిమీద సీటు మందాన దిండు కుట్టేవాడు. పగలు ఆ చెక్క సీటు వెనక నిలబడి ఉంటుంది. రాత్రి ఖాళీలో వాల్చితే ఇద్దరికి మంచం. పక్క తెరలకు రెండు పొరలు: బయట టార్పాలిన్, లోపల దోమతెర. భద్రాచలం ఏజెన్సీలో మలేరియా ఎంతమందిని తిన్నదో తెలిసినవాడు కాబట్టి, డబ్బు తక్కువైతే టార్పాలిన్ అతుకులది వేసినా దోమతెర మాత్రం కొత్తదే వేసేవాడు. కిటికీ తెర అంచు సీటు కిందికి దోపేంత పొడుగు ఉండాలనేది ఆయన కొలత. నేను ఇవాళ్టికీ అదే కొలత వాడుతున్నాను.

సీజన్ అయిపోగానే ఆ చెక్క, దిండు, తెరలు మా కొట్టు అటక మీద పేర్లు రాసిన మూటలుగా చేరేవి. అదే జీపు జూన్‌లో విత్తనాల బస్తాలు మోసేది, పెళ్లిళ్లకు పోయేది, కాన్పు నొప్పులొస్తే భద్రాచలం ఆస్పత్రికి పరుగెత్తేది.

మహీంద్రా 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజను పెట్టాక, పొడుగు కమాండర్ జీపులు చర్ల, వెంకటాపురం, చింతూరు దారుల్లో బస్సు పోని చోటల్లా తిరిగాయి. మనుషులు బానెట్ మీద, వెనక డాలా మీద కూడా ఎక్కేవాళ్లు. నక్సలైట్ల కాలంలో అడవిలో రాత్రి బండి ఆపుకుని పడుకునే మాటే లేదు. చీకటి పడకముందే రోడ్డు చేరాలి. చాలా ఏళ్లు మా కొట్టుకు పడకచెక్క పని రాలేదు. ఆ పని నేర్చినవాళ్లు ఆటో సీట్లకు మళ్లిపోయారు.

నాది అలాంటి పాత కమాండరే. పొద్దున పిల్లల్ని బడిలో దింపుతుంది. ఆపైన రెక్సిన్ చుట్టలు, సీట్ల చట్రాలు మోస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, ఎండలు ముదరని రోజుల్లో మమ్మల్ని పర్ణశాల వైపో, ఏటిగట్టున తెలిసినవాళ్ల తోటకో తీసుకుపోతుంది. దానిలో నేను పెట్టినవన్నీ చేత్తో ఊడతాయి. పడకచెక్క మా నాయన కొలతదే. గుడ్డ మాత్రం మైనం పట్టించిన కాన్వాసు. రెక్సిన్ నీళ్లను బాగా ఆపుతుంది కానీ లోపల ముగ్గురు ఊపిరి పీల్చి పడుకుంటే తెల్లారేసరికి లోపలి వైపే చెమ్మ కారుతుంది. కాన్వాసుకు గాలి ఆడుతుంది. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా సీటు కింద, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ. టాపు మీద బరువు పెట్టను. ఇరుకు బండి పక్కవాలు మీద పోతున్నప్పుడు నెత్తిన బరువుంటే ఒరగడానికి ఎంతోసేపు పట్టదు. దీపానికీ చిన్న ఫ్యానుకూ వేరే బ్యాటరీ. ఇంజను బ్యాటరీని రాత్రంతా వాడి, తెల్లారి బండి స్టార్ట్ కాకపోతే ఆ అడవిలో తోసేవాళ్లు ఎవరు?

కమాన్ కట్ట విషయంలో నా దగ్గరికి వచ్చేవాళ్లతో ప్రతిసారీ వాదన జరుగుతుంది. యాత్ర బరువుకు వెనక కూర్చుంటోందని ఇంకో పట్టీ వేయించమంటారు. వేస్తే, బరువు లేని మామూలు రోజుల్లో బండి గుంతగుంతకూ ఎగిరి నడుము విరుగుతుంది. వెనక చక్రం రోడ్డును సరిగా పట్టదు. బరువు తగ్గించుకోవడమే అసలు మందు అని చెబుతాను. పెద్ద గళ్ల బురద టైర్ల సంగతీ అంతే. కొత్తగూడెం తారు రోడ్డు మీద రోజంతా మోత, వానలో బ్రేకు ఆలస్యం. గోదావరి ఇసుకలో దిగాలంటే మామూలు టైర్లలోనే గాలి 18 నుంచి 20 పౌండ్ల దాకా తగ్గిస్తే టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. మళ్లీ రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి చేతిపంపు ఉంటే చాలు. ఇనుప పట్టా బండిని ఇసుక దాటించడానికి మా తాతలు చక్రాల కింద తాటిమట్టలు పరిచేవాళ్లట. టైరుకు ఆ వెడల్పు తనలోనే ఉంది.

ఇదే ఆలోచన జర్మనీవాళ్లకూ తట్టింది. ఫోక్స్‌వాగన్ వ్యాను కోసం వెస్ట్‌ఫాలియా అనే బళ్ల కంపెనీ 1951లో ఒక పడక సామాను పెట్టె చేసింది. సెలవుల్లో పెట్టుకోవచ్చు, పనిరోజుల్లో దించేయవచ్చు. యుద్ధంలో చితికిపోయిన దేశంలో ఒక్క ఇంటికి రెండు బళ్లు ఎక్కడివి? అవసరం ఒకటే అయినప్పుడు ఊడదీసే పద్ధతి మా చూరు కిందా పుట్టింది, అక్కడా పుట్టింది.

2010లో మొదటి థార్ వచ్చినప్పుడు వెనక పాత ఎదురెదురు బల్లసీట్లే ఉండేవి. మా పడకచెక్క దానికి అతికినట్టు సరిపోయింది. 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనక సీట్లు ముందుకు తిరిగాయి. పిల్లలకు బెల్టు పెట్టి కూర్చోబెట్టడానికి అదే మేలు, ఆ మార్పు నాకు ఇష్టమే. పడక కోసం మాత్రం సీటు మడిచి, ముందు సీట్లు జరిపి, రెండు ముక్కల చెక్క వేయాల్సి వస్తుంది. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీ చెబుతుంది. ఆ మాట నమ్మి వానాకాలంలో వాగులో దిగొద్దని నా కస్టమర్లను బతిమాలుతాను. నిలిచిన నీటి లోతు వేరు, తాలిపేరు వాగు వరద తోపు వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు లేచిన గోదావరిని, 2022 జులైలో 71.3 అడుగులను చూసిన ఊరివాళ్లం. మా వాగులు ఒక్క రాత్రిలో ఏమవుతాయో తెలుసు.

చట్టం కూడా ఊడదీసే పద్ధతికే మేలు చేసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తప్పేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు అదే ఖరారు చేసింది. ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డులను ఆపమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఆ పనులు నేను ఒప్పుకోను. దారిన నడిచే మనిషికి ఆ ఇనుము తగిలితే ఏమవుతుందో ఆలోచించాలి. 2014 తర్వాత భద్రాచలం ఊరు దాటగానే ఎటపాక దగ్గర ఆంధ్ర మొదలవుతుంది. రాష్ట్రం మారింది కాబట్టి కాగితాలు సరిగా లేని బండికి అక్కడ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

అడవి విషయంలో ఒక్కటే అడుగుతాను. కిన్నెరసాని 1977 నుంచి అభయారణ్యం. అక్కడ రాత్రి ఆగడానికీ నిప్పు రాజేయడానికీ అనుమతి లేకుండా వీల్లేదు. మా తాతల నెగడు ఆ కాలానిది. ఎండాకాలం ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే కోయల తునికాకు సంపాదన ఏడాదికంతా పోతుంది. గ్యాసు పొయ్యి తీసుకెళ్లండి. గూడెం పక్కన ఆగితే పెద్దమనిషిని అడిగి ఆగండి.

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర ముందు మాత్రం నేను జీపుల పని పక్కన పెడతాను. అప్పుడు నా దగ్గరికి ట్రాక్టర్లు వస్తాయి. ట్రాలీకి రెండు పక్కలా వంచిన ఇనుప పైపులు, పైన టార్పాలిన్, అడుగున గడ్డి, ఒక్కో దాంట్లో రెండు మూడు ఇళ్ల జనం, బియ్యం, బెల్లం, కోళ్లు. పైపును ట్రాలీకి వెల్డింగు చేయమని కుర్రాళ్లు అడిగితే వద్దని బోల్టులు పెట్టిస్తున్నాను. జాతర నుంచి రాగానే ఆ ట్రాలీ మిరపచేలోకి పోవాలి మరి. ఆ పని కావలసినవాళ్లు సంక్రాంతి లోపే చెప్పుకోవాలి. తర్వాత వస్తే మంచి టార్పాలిన్ దొరకదు.