లోహ రక్షణలో సూక్ష్మజీవులు

బాక్టీరియా, శిలీంధ్రాల వంటి సూక్ష్మజీవుల చేతనే లోహాన్ని తుప్పు నుంచి కాపాడించే పద్ధతి ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాలలో రూపు కట్టింది. అంతకు ముందు శాస్త్రజ్ఞులు ఈ జీవులను లోహానికి చేటు చేసేవిగానే ఎంచారు.

నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు బైయరింక్ 1895లో, సల్ఫేట్ లవణాలను కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే బాక్టీరియాను గుర్తించాడు. గాలి చొరని తడి మట్టిలో పాతిన పోత ఇనుప గొట్టాలు పై రూపు చెడకుండానే చాకుతో కోయగలిగినంత మెత్తబడడానికి ఈ బాక్టీరియాయే కారణమని ఆ దేశంవారే అయిన ఫాన్ వోల్‌జోగెన్ క్యూర్, ఫాన్ డెర్ ఫ్లుక్ట్ 1934లో వివరించారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి కూడా వానకు నానితే గాలి ఆడని ముద్దవుతుంది గనుక, సల్ఫేట్లు ఉన్న చోట అందులో పాతిన ఇనుముకూ ఇదే ముప్పు ఉంటుంది.

అమెరికాలో థామస్ వుడ్, అరుళ్ జయరామన్ తదితరులు 1997లో, ప్రాణవాయువుతో బతికే బాక్టీరియాను ఉక్కు మీద జీవపొరగా, అంటే జిగురుతో లోహాన్ని అంటిపెట్టుకొనే పొరగా పెంచితే తుప్పు తగ్గుతుందని, ఆ జీవులు శ్వాసకు ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల అది ఉక్కు దాకా చేరదని చూపారు. జన్యుమార్పిడి చేసిన బాసిల్లస్ సబ్‌టిలిస్ స్రవించే సూక్ష్మజీవనాశక పెప్టైడ్లతో సల్ఫేట్ బాక్టీరియాను అణచవచ్చని 1999లో నిరూపించారు. అయితే ఎన్నో జాతులు కలగలిసి ఉండే మట్టిలో, కాలువ నీటిలో ఇలాంటి పొర నిలదొక్కుకోవడం సులభం కాదు.

కంచు విషయంలో దారి వేరు. పట్టుపురుగులు తెల్లగా బూజుపట్టి బిగుసుకుపోయి చచ్చే తెగులుకు శిలీంధ్రమే మూలమని 1835లో చాటిన ఇటలీ శాస్త్రజ్ఞుడు బస్సి పేరు మీద వెలసిన బవేరియా బాసియానా, ఇవాళ పత్తి రైతులు తెల్లదోమ మీద పిచికారీ చేసే జీవ కీటకనాశినిగా సుపరిచితం. పత్తి వంగడాలకు పేరుపడ్డ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న నంద్యాల సీమకు అది కొత్త పేరు కాదు. ఈ శిలీంధ్రం ఆక్సాలిక్ ఆమ్లాన్ని స్రవిస్తుందన్న గుణాన్ని స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ విశ్వవిద్యాలయంలో ఎడిత్ జోసెఫ్ బృందం పట్టుకొని, కంచు మీది కిలుమును నీటిలో దాదాపు కరగని రాగి ఆక్సలేటుగా మార్చి, విగ్రహపు రంగు పెద్దగా మారకుండానే కాపు పొరను నిలపవచ్చని 2012 నాటి వ్యాసంలో వెల్లడించింది.

ఆరుబయట ఎండకూ వానకూ నిలిచే కంచు విగ్రహాలకు ఈ పద్ధతి తగినదే. అహోబిలం వంటి క్షేత్రాలలో అభిషేకాలు జరిగే పంచలోహ ఉత్సవమూర్తుల సంగతి అలా కాదు. చింతపండుతో తోమి మెరిపించే లోహం మీద, మార్చవలసిన కిలుమే మిగలదు.