అమెరికాలో వాడిన తూటా రీలోడింగ్ పరికరాల పునర్విక్రయ ధర: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: పాత వస్తువును అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియదన్నది అర్థశాస్త్రంలో ప్రసిద్ధ సూత్రం. అమెరికాలో తూటా రీలోడింగ్ పరికరాల విషయంలో ఈ సంబంధం తరచూ తారుమారవుతుంది. వీటి మలి ధరను వయస్సు కంటే పొందిక, హామీ, విశ్వసనీయత అనే మూడు అంశాలే నిర్ణయిస్తున్నాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

1. ఉపోద్ఘాతం

తూటా పేలిన తరువాత ఇత్తడి తొడుగు మిగులుతుంది. దానిని డైలో ఒత్తి పూర్వ పరిమాణానికి తెచ్చి, కొత్త ప్రైమర్ అమర్చి, తూచిన మందు పోసి, కొత్త గుండు బిగించడమే రీలోడింగ్. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి ఈ పని చేసుకొనేవారికి లైసెన్సు అక్కరలేదు. తయారుచేసి అమ్మడాన్ని వ్యాపారంగా సాగించేవారికి మాత్రం తయారీదారు లైసెన్సు ఉండాలి. అందువల్ల ఈ పరికరాలు కర్మాగారాల్లోనే కాక ఇళ్ల గ్యారేజీల్లోనూ స్థిరపడ్డాయి. యజమాని మరణించినప్పుడు అవి ఆ విద్య తెలియని భార్యాబిడ్డల చేతికి వస్తాయి. ధర నిర్ణయ సమస్య ఇక్కడే మొదలవుతుంది.

2. పరికరాల పరిణామం

జాన్ బార్లో 1884లో స్థాపించిన ఐడియల్ సంస్థ చేతిలో పట్టుకొని వాడే పటకారు వంటి సాధనాలను ప్రచారంలోకి తెచ్చింది. 1925లో ఆ వ్యాపారం లైమన్ సంస్థకు దక్కింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుండ్ల కొరత ఏర్పడినప్పుడు కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ పేలిన చిన్న తూటాల తొడుగులనే గుండ్లకు కవచాలుగా మలిచే డైలు చేశాడు. 1943లో ఆరంభమైన ఆ ప్రయత్నమే ఆర్‌సీబీఎస్ సంస్థగా ఎదిగింది. రిచర్డ్ లీ 1958లో సుత్తితో పనిచేసే చౌక సాధనాన్ని రూపొందించి ఈ విద్యను స్వల్పాదాయ వర్గాలకు చేర్చాడు. మైక్ డిల్లన్ యంత్రాలు మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తయ్యే పద్ధతిని గృహ వినియోగదారులకు అందుబాటులోకి తెచ్చాయి.

3. పొందిక

డై బిగించే మరకు 7/8 అంగుళాల వ్యాసం, అంగుళానికి 14 చుట్లు అన్న కొలత క్రమంగా ప్రమాణమైంది. దశాబ్దాల నాటి డై నేటి ప్రెస్సులోనూ ఇమడడానికి కారణమిదే. పోత ఇనుప ప్రెస్సు నెమ్మదిగా అరుగుతుంది. పైపై తుప్పును తుడిచివేయవచ్చు. కనుక వయస్సు వల్ల ధర అంతగా తగ్గదు. ఈ ప్రమాణానికి బయట ఉన్నవాటి స్థితి వేరు. లైమన్ 310 పటకారు డైలు సాధారణ ప్రెస్సులో నేరుగా ఇమడవు. మిన్నెసోటాకు చెందిన హెర్టర్స్ సంస్థ ప్రెస్సులు చాలావాటికి ఆ సంస్థ షెల్ హోల్డర్లే కావాలి. అవి లేకపోతే దృఢమైన ప్రెస్సు కూడా ఇనుప బరువుగానే మిగులుతుంది. డిల్లన్ సంస్థ స్క్వేర్ డీల్ బి యంత్రానికి ఆ సంస్థ ప్రత్యేక డైలే తప్పనిసరి. ఇలాంటి వాటిని విడిభాగాలుగా కాక మొత్తం జతగా అమ్మినప్పుడే సముచితమైన ధర పలుకుతుంది.

4. హామీ

గృహ వినియోగ యంత్రాలకు డిల్లన్ సంస్థ ఇచ్చిన జీవితకాల హామీ యజమాని మారినా కొనసాగుతుంది. విరిగిన భాగం మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం పాత యంత్రం ధరలో అంతర్భాగమైంది. కొనుగోలుదారుడు చెల్లించేది ఇనుముకే కాదు, సంస్థ మాటకు కూడా.

5. విశ్వసనీయత

అదే బల్లపై ఉన్న మందు డబ్బాలకు ఈ తర్కం వర్తించదు. మూత తీసిన డబ్బాలో ఉన్నది పైన రాసిన మందేనని ఎవరూ ధ్రువీకరించలేరు. పొరపాటైతే తుపాకి పేలిపోయి చేతులు పోవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు దానికి విలువ కట్టరు. అపరిచితుడు నింపిన తూటాలకూ ఇదే గతి. ప్రైమర్లను, మందును అమెరికా తపాలా శాఖ స్వీకరించదు కనుక మూత తీయని సరుకుకు స్థానిక సంతే దిక్కు.

6. సమాచార అసమానత

జార్జ్ అకర్లాఫ్ 1970లో వాడిన కార్ల ఉదాహరణతో, అమ్మేవారికే నాణ్యత తెలిసిన సంతలో మంచి సరుకు ఎలా తొలగిపోతుందో వివరించాడు. మూత తీసిన మందు విషయంలో ఆ సిద్ధాంతం దాని చివరి హద్దుకు చేరుతుంది: నాణ్యత ఎవరికీ తెలియదు, ధర సున్నా. ప్రెస్సులు, డైల విషయంలో మాత్రం అది తలకిందులవుతుంది. కొనేవాడు నిపుణుడు, అమ్మేది వారసురాలు. బల్ల మొత్తాన్ని ఒకే ధరకు అడిగే కొనుగోలుదారుడు ఆ అజ్ఞానాన్నే లాభంగా మార్చుకోగలడు. 1995లో ఆరంభమైన ఈబే వంటి వేలం వేదికలు ముగిసిన అమ్మకాల ధరలను అందరికీ చూపడంతో ఈ అంతరం కొంత తగ్గింది. అయితే అమ్మకందారు అడిగిన ధర వేరు, నిజంగా చేతులు మారిన ధర వేరు. ప్రమాణంగా గ్రహించవలసింది రెండవదే.

7. ముగింపు

వాడిన రీలోడింగ్ పరికరం ధర దాని అరుగుదలను కొలిచే సంఖ్య మాత్రమే కాదు. ఒక మర కొలతకు పరిశ్రమ కట్టుబడిన తీరును, ఒక సంస్థ మాట నిలుపుకొన్న కాలాన్ని, ఒక డబ్బాపై ఉంచదగిన నమ్మకాన్ని అది ప్రతిఫలిస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తించగలిగితే, ఆ విద్య తెలియని వారసులు కూడా నష్టపోకుండా ధర చెప్పగలరు. వస్తువుల చరిత్ర తెలియడమే ఇక్కడ న్యాయమైన బేరానికి తొలి షరతు.