జరాయువు పంపు జాబులు

1893వ సంవత్సరమున జర్మనీలోని లైప్‌జిగ్ నగరమునందు గేయార్గ్ ష్మోర్ల్ అను వైద్యుడు ఒక గ్రంథమును ప్రకటించెను. గర్భిణీ దశలో మూర్ఛలు వచ్చి మరణించిన 17 మంది స్త్రీల దేహములను ఆయన పరీక్షించియుండెను. వారి ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళములలో పెద్ద పెద్ద కణములు కనబడెను. అవి ఊపిరితిత్తుల కణములు కావు, రక్తకణములును కావు. అవి జరాయువు, అనగా మావి, నుండి ఊడివచ్చినవి. గర్భాశయపు గోడనంటియుండవలసిన మావి తునకలు తల్లి రక్తములో అంతదూర మేల ప్రయాణించెను? అవి ఊరక కొట్టుకొనివచ్చిన చెత్తయా, లేక వానివలన తల్లికేమైన కీడు కలుగునా? ఈ ప్రశ్న వెంట శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా నడచిరి.

ఆ మూర్ఛలనే మన పల్లెలలో గుర్రపువాత మందురు. దానికి ముందుగా వచ్చు వ్యాధికి ప్రీ-ఎక్లాంప్సియా అని పేరు. సాధారణముగా ఇరువది వారములు నిండిన తరువాత గర్భిణికి రక్తపుపోటు పెరుగును. తరచుగా మూత్రములో ప్రోటీను పోవును. ప్రపంచమున నూరు గర్భములలో రెండు మొదలు ఎనిమిదింటి వరకు ఈ వ్యాధి కనబడుచున్నది. మావి వెలువడిన పిమ్మట ఇది సాధారణముగా తగ్గిపోవును. శిశువు లేకయే మావి కణజాలము మాత్రము పెరుగు ‘ముత్యాల గర్భము’నందు కూడ ఇది రావచ్చును. కావున దోషము మావిలో నున్నదనుట స్పష్టము. అయితే మావి తల్లి దేహమునకు ఏమి పంపుచున్నది?

దీనికి సమాధానము రెండు వేరు వేరు దారులలో వచ్చినది. మొదటి దారి ధూళితో ఆరంభమైనది. 1946లో అమెరికాలో ఎర్విన్ షార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ అనువారు రక్తపు ప్లాస్మాను మిక్కిలి వేగముగా త్రిప్పు యంత్రములో ఉంచి త్రిప్పగా, అడుగున అతిసూక్ష్మమైన మడ్డి మిగిలెను. దానికి రక్తమును గడ్డకట్టించు గుణము కలదు. 1967లో పీటర్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు రక్తములోని ప్లేట్‌లెట్ల నుండి రాలు ఇట్టి రేణువులను వర్ణించుచు ‘ప్లేట్‌లెట్ ధూళి’ అనెను. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ బృందము గొఱ్ఱె రక్తములోను, అమెరికాలో ఫిలిప్ స్టాల్ బృందము ఎలుక రక్తములోను ఒకే వింతను చూచిరి. ఎదుగుచున్న ఎఱ్ఱకణము తనకు ఇక అక్కరలేని ప్రోటీనును చిన్న చిన్న తిత్తులలో కట్టి బయటకు నెట్టుచున్నది! ఈ తిత్తులకే పిమ్మట ఎక్సోజోములని పేరు వచ్చినది. ఎక్సోజోము అడ్డుకొలత ఇంచుమించు 100 నానోమీటర్లు. డెబ్బది తిత్తులను వరుసగా పేర్చిననే ఒక ఎఱ్ఱకణపు వెడల్పునకు సరిపోవును. కణము తన ఇల్లు ఊడ్చి చెత్త పారవేయుచున్నదని నాడు పెక్కురు తలచిరి.

1998లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పరిశోధకులు మావి పైపొర నుండి రాలిన సూక్ష్మమైన తునకలు ప్రీ-ఎక్లాంప్సియా గల తల్లుల రక్తములో హెచ్చుగా నున్నవని చూపిరి. అవి ఆరోగ్యవతులైన గర్భిణులలోను కొంత ఉండును; వ్యాధిలో ఎక్కువగును. ష్మోర్ల్ ప్రశ్న మరల లేచి నిలిచెను.

రెండవ దారి ఒక పురుగుతో మొదలైనది. ష్మోర్ల్ గ్రంథము వెలువడి సరిగా నూరేండ్లు గడచిన పిమ్మట, 1993లో, అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ఒక మిల్లీమీటరు పొడవైన పురుగులోని లిన్-4 అను జన్యువును గూర్చి వ్రాసిరి. ఆ జన్యువు ఏ ప్రోటీనును తయారు చేయదు. కేవలము 22 అక్షరముల ఆర్.ఎన్.ఏ. ముక్కను మాత్రమే తయారు చేయును. ఆ ముక్క చేయు పనియేమో గేరీ రవ్‌కన్ బృందము అదే సంవత్సరమున తెలిపెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఇట్లు చెప్పవచ్చును. డి.ఎన్.ఏ. బీరువాలో భద్రపరచిన పుస్తకము. దూత ఆర్.ఎన్.ఏ. అందులోని ఒక పుటకు నకలు. ఆ నకలును చూచి కణము ప్రోటీనును తయారు చేయును. ఈ చిన్న ముక్క ఆ నకలుపై ఒకచోట అంటుకొని, దానిని చదువనీయకుండ చేయును. కొన్నియెడల నకలునే చింపివేయును. పుస్తకము మారదు, పని మాత్రము తగ్గును.

ఇది పురుగుల వింతయని చాలమంది ఉపేక్షించిరి. 2000లో రవ్‌కన్ బృందము లెట్-7 అను మరియొక ముక్కను కనుగొని, అది మానవునిలోను కలదని చూపెను. 2001లో మైక్రో ఆర్.ఎన్.ఏ. అను పేరు స్థిరపడెను. 2024లో ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ రెండు దారులును 2007లో స్వీడనులోని గోటెన్‌బర్గ్ నగరమున కలిసినవి. హాది వలాది, యాన్ లోట్వాల్ మున్నగువారు ఎక్సోజోములను విప్పి చూడగా వానిలో దూత ఆర్.ఎన్.ఏ.యు, మైక్రో ఆర్.ఎన్.ఏ.యు కనబడెను. చిట్టెలుక కణముల తిత్తులను మానవ కణములకు అందింపగా, ఆ మానవ కణములలో చిట్టెలుక ప్రోటీనులు పుట్టెను. చెత్తబుట్ట యనుకొన్నది జాబుల సంచి యని తేలినది!

ఇక మావి వంతు వచ్చినది. 2008లో హాంగ్‌కాంగ్ పరిశోధకులు మావికి చెందిన మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తల్లి ప్లాస్మాలో నుండుననియు, ప్రసవానంతరము తగ్గిపోవుననియు చూపిరి. 2009లో జపాను పరిశోధకులు వానిని మావి కణములు ఎక్సోజోములలో పెట్టి వెలికి పంపుచున్నవని తెలిపిరి. వీనిలో పెక్కింటిని పుట్టించు జన్యువులు 19వ క్రోమోజోముపై ఒకేచోట గుంపుగా నున్నవి. ప్రాణవాయువు చాలని కణములలో మిఆర్-210 అను మైక్రో ఆర్.ఎన్.ఏ. పెరుగును, ప్రీ-ఎక్లాంప్సియా సోకిన మావిలోను అది పెరిగియుండుట 2007లోనే గమనింపబడెను. రక్తప్రసారము చాలని మావి తన యిబ్బందిని ఇట్లు వ్రాసికొనుచున్నదా యని తోచుట సహజము. మావియే కాదు, అండము చుట్టునుండు ద్రవములోను ఇట్టి తిత్తులు కలవని 2012లో అమెరికాలో ఆడుగుఱ్ఱములపై జరిగిన పరిశోధన తెలిపెను. పిమ్మట స్త్రీలలోను కనుగొనబడెను. సంతానలేమి, అండాశయ వ్యాధుల పరిశోధనకు ఇది దారి తీసినది.

అయితే ఇచ్చట తొందర పనికిరాదు. రక్తములోని మైక్రో ఆర్.ఎన్.ఏ.లలో అధికభాగము తిత్తులలో గాక, ప్రోటీనులనంటి బయటనే తిరుగుచున్నదని 2011లో తేలెను. సగటున లెక్కించినచో ఒక్కొక్క ఎక్సోజోమునకు ఏదో యొక మైక్రో ఆర్.ఎన్.ఏ. ప్రతి ఒకటియైన రాదని 2014లో మరియొక పరిశోధన చూపెను. సంచులు లెక్కకు మిక్కిలి; జాబులు స్వల్పము! పైగా రక్తము తీయునపుడు ఎఱ్ఱకణములు పగిలినచో వానిలోని మైక్రో ఆర్.ఎన్.ఏ.లు కలిసి పరీక్షను తారుమారు చేయును. అందువలననే ఒక ప్రయోగశాలవారు గుర్తించిన వ్యాధిచిహ్నము మరియొకచోట తరచు నిలువకున్నది. మావి విడుదల చేయు కొన్ని ప్రోటీనులను కొలుచు రక్తపరీక్షలు కొన్ని దేశములలో వాడుకలోనికి వచ్చినవి, మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష యింకను ఆ స్థాయికి రాలేదు.

ష్మోర్ల్ గ్రంథము వెలువడిన మూడేండ్లకు, 1896లో, ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు కొలుచు సాధనమును వర్ణించెను. నేటికిని గర్భిణికి తొలి హెచ్చరికను ఇచ్చునది అట్టి పట్టీయే. మావి జాబులను చదువ నేర్చిన నాడు ఆ హెచ్చరిక కొన్ని వారములు ముందుగా అందవచ్చును. అందాక ప్రతి గర్భిణియు వేళకు పోటు చూపించుకొనుట మానరాదు. ఈ మాట విద్యార్థులు తమ యిండ్లలో చెప్పినచో, ఈ చరిత్రను చదివినందుకు ఫలము దక్కినట్లే.